నలభై ఒక్క రోజుల ధర

నవంబర్ 17, సోమవారం

మెడలో అయ్యప్ప మాల పడింది. ఇది పన్నెండో ఏడు. తెల్లవారుజామున చన్నీళ్ళు, నల్లపంచె, కాళ్ళకి చెప్పుల్లేవు. మాల వేసిన గురుస్వామి రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. గేటు వేసినట్టే వేస్తారు మాల కూడా. అవతల ఎవరు ఎందుకు ఆగారో అడగరు.

ఈ క్షణం నుంచి నలభై ఒక్క రోజులు మందు లేదు.

గుడి బయట మా కాలేజీ ఫిజిక్స్ మూర్తి, అతనూ నల్లపంచెలోనే, చెవి దగ్గరికి వచ్చి — "కొండ దిగొచ్చి మాల తీసిన మర్నాడు యానాం. గుర్తుంది కదండి స్వామీ?" ప్రతి ఏడూ ఉన్నదే. దీక్ష ఎంత నిష్ఠగా చేస్తామో, మందు చౌకగా దొరికే యానాం ప్రయాణమూ అంత నిష్ఠగానే చేస్తాం.

ఈ ఏడు మాత్రం ఒక తేడా ఉంది. పోయిన నెల స్కానింగ్. డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివి — "ఇంకా తిరిగొచ్చే దశలోనే ఉందండి మీ లివరు. పూర్తిగా మానేస్తే బాగవుతుంది. ఏడాదికి నలభై రోజులు మానితే కాదు మాస్టారూ. వచ్చే ఏడు వస్తే ఈ మాట చెప్పలేను." పక్క కుర్చీలో మా ఆవిడ సుభద్ర. ఇంటికొచ్చి పెట్టెలోంచి నల్లపంచెలు తీసి ఉతికి ఆరేసింది — దీక్షకి ఇంకా ఇరవై రోజులుండగానే.

నవంబర్ 18

చేతులు వణుకుతున్నాయి. చలి అని చెప్పాను. రాజమండ్రిలో నవంబరు చలికి వణికేవాడిని నేనొక్కడినే అయ్యుంటాను.

నవంబర్ 21, శుక్రవారం

డిగ్రీ మూడో ఏడు ఎకనామిక్స్ క్లాసు. పాఠం — వ్యసన వస్తువుల డిమాండ్. ఏటా ఈ పాఠం దీక్షలోనే వస్తుంది. కాకతాళీయం కాదు, సిలబస్ ముందుకీ వెనక్కీ జరిపి నేనే అలా అమర్చుకుంటాను. తాగి పడుకుని లేచొచ్చిన ముఖంతో ఈ పాఠం చెప్పే ధైర్యం లేదు.

మామూలు వస్తువైతే కడుపు నిండిన కొద్దీ మోజు తగ్గుతుంది. వ్యసనం అలా కాదు. నిన్న తాగింది ఇవాళ్టి దాహాన్ని పెంచుతుంది, ఇవాళ్టిది రేపటిదాన్ని. ఇంతవరకూ పండితులందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాతే తగువు. ఒక సిద్ధాంతం ఏమంటుందంటే — తాగేవాడు తెలివితక్కువవాడేమీ కాడు. ఇవాళ్టి సుఖం, రేపటి నష్టం, ఎల్లుండి ధర, అన్నీ తక్కెడలో వేసి చూసుకునే తాగుతాడు. ముందు ముందు ధర పెరుగుతుందని తెలిస్తే ఇవాళ్టి నుంచే తగ్గించుకుంటాడు. ఇంకో సిద్ధాంతం — కాదు, ఆ మనిషిలో ఇద్దరున్నారు. రేపటి నుంచి మానేద్దాం అనేవాడొకడు. రేపు రాగానే దాన్ని కూడా 'ఇవాళ ఒక్కరోజే' చేసేసేవాడొకడు. మొదటివాడికి రెండోవాడి సంగతి బాగా తెలుసు కాబట్టి ముందే తనకి తాను తాళం వేసుకుని, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెడతాడు.

"మాల వేసుకున్నట్టా స్వామీ?" అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో. క్లాసంతా నవ్వు. నేనూ నవ్వాను, తప్పుతుందా.

అప్పుడు గ్రేస్ లేచి నిలబడింది. మండపేట వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. "సార్, తాగేవాళ్ళ లెక్క తాగేవాళ్ళు వేసుకుంటారు. మరి ఇంట్లోవాళ్ళ లెక్క ఎవరు వేస్తారండి?"

అది వచ్చే వారం పాఠమమ్మా, అన్నాను. కూర్చుంది. వాళ్ళ నాన్న ఏం చేస్తాడో అడగలేదు. అడగక్కర్లేకపోయింది.

నవంబర్ 26, బుధవారం

పదో రోజు. వణుకు పోయింది. ఆకలి వేస్తోంది — నిజమైన ఆకలి. గుమ్మడికాయ పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

సుభద్ర వడ్డిస్తూ — "ఏడాదికి నలభై ఒక్క రోజులే నాకు మొగుడుంటాడు. ఆ నలభై ఒక్క రోజులూ ముట్టుకోకూడదు. ఏం రాతండి స్వామీ నాది!" నవ్వుతూనే అంది. నవ్వి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నవంబర్ 30, ఆదివారం

సాయంత్రం పూజకి పూలు కొనడానికి వెళ్తూ వైన్ షాపు ముందు నుంచి నడిచాను. వేరే దారి ఉంది. అయినా అటే నడిచాను. కౌంటర్లో మనిషి నన్ను చూసి లేచి నిలబడి "స్వామి శరణం" అని రెండు చేతులూ జోడించాడు. మిగిలిన పది నెలలూ నేను నోరు తెరవక్కర్లేకుండానే నా సీసా తీసి బల్ల మీద పెట్టే మనిషి. ఇప్పుడు నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వడు.

ధర అంటే సీసా మీద అంటించిందే అనుకుంటాం. ప్రభుత్వం మాన్పిద్దామని ధర పెంచిన రోజుల్లో నేను యానాం వెళ్ళి తాగాను. తగ్గించాక ఊళ్ళోనే తాగాను. డిమాండ్ వ్యాకోచత్వం గురించి, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో, పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నా వ్యాకోచత్వమంతా బస్సు మారడంలోనే ఉంది. కానీ ఈ నల్లపంచె కట్టుకోగానే ధర ఎక్కడికో వెళ్ళి కూర్చుంటుంది. పూలమ్మే ఆవిడ చూపు, రిక్షా దిగి దండం పెట్టే ముసలాయన చూపు — నేను చెల్లించలేని ధర అది.

డిసెంబర్ 4, గురువారం

నిష్ఠ బాగా సాగుతోందని అందరూ మెచ్చుకుంటున్నారు. నాకు నవ్వొస్తోంది. ఈ నిగ్రహం నాది కాదు, గడువుది. కొండకి టికెట్లు ఇరవై ఐదున. ఇరవై తొమ్మిదిన ఇంటికి వచ్చి మాల తీయడం. ముప్ఫైన యానాం. అవతలి ఒడ్డు కనబడుతోంది కాబట్టే ఈదుతున్నాను.

ఇవాళ గురుస్వామిని అడిగాను. "మాల తీయకుండా ఉంచేసుకుంటే ఏమవుతుందండి?" ఆయన కర్పూరం వెలిగిస్తూ ఆగారు. "అది దీక్ష కాదు స్వామీ, సన్యాసం. దానికి నా దగ్గర మంత్రం లేదండి."

డిసెంబర్ 8

కొండకి ఇంకా పదిహేడు రోజులు. లెక్కపెట్టకూడదు అనుకుంటూనే...

డిసెంబర్ 10, బుధవారం

వీర్రాజు పోయాడు. పొద్దున్నే మూర్తి ఫోను.

ఈ పేజీకి కూడా చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను. వార్త వినగానే నాకు మొదట కలిగింది సంతోషం. దాయాది పోతే మైల, మైలలో దీక్ష ఉండదు, మాల తీసేయాలి. ఇది ఒక్క క్షణంలో తట్టింది. ఆ తర్వాత దుఃఖం వచ్చింది, నిజంగానే వచ్చింది. కానీ వరస అది.

వీర్రాజు మా కాలేజీలో అటెండరు. ఐదేళ్ళ క్రితం రిటైరై మురమళ్ళ దగ్గర సొంతూరు వెళ్ళిపోయాడు. నా ఇంటిపేరూ అతని ఇంటిపేరూ ఒకటే. స్టాఫ్ రూములో అదొక వేళాకోళం — "మీ అన్నగారు బెల్లు కొట్టారండి, క్లాసుకి వెళ్ళండి." నాకు కావలసిన సీసా చాక్‌పీసుల పెట్టెలో పెట్టి తెచ్చిచ్చేవాడు. చాలాసార్లు ఇద్దరం కలిసే తాగాం, అతను నేల మీద, నేను కుర్చీలో. రిటైరైన రోజున నా భుజం మీద చెయ్యి వేసి — "ఒకే ఇంటిపేరండి మనది. ఒక్కసారి అన్నయ్యా అనండి సార్, విని వెళ్ళిపోతాను." నేను నవ్వేసి "గోత్రాలు వేరు కదయ్యా వీర్రాజూ" అన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో జోకులా చెప్పుకున్నాను కూడా.

ఇవాళ గురుస్వామికి ఫోన్ చేశాను. "దాయాదేనా స్వామీ?" "అవునండి. మా ఇంటిపేరే." గోత్రం అడగలేదు ఆయన. చెప్పానా నేను? "అయ్యో. అయితే ఈ ఏడు అయ్యప్ప రావద్దన్నాడండి. వచ్చేయండి, తీసేద్దాం." మూర్తికీ అదే చెప్పాను.

సుభద్ర ఒక్క మాట అడిగింది. "మనకి మైల ఉంటుందంటారా?"

"ఇంటిపేరు వాడే కదా."

నా ముఖంలోకి ఒకసారి చూసింది. సంచి సర్ది ఇచ్చింది.

పది గంటలకి మెడ ఖాళీ. పదిన్నరకి బస్సు. వీర్రాజుని కడసారి చూసి, అతని ఊరు దాటి, గౌతమి మీద ఎదుర్లంక వంతెన దాటితే యానాం. సంచిలో ఈ డైరీ, ఒక జత బట్టలు, ఒక ఖాళీ నీళ్ళ సీసా. యానాంలో కొన్నది అందులో పోసుకుంటే బస్సులో ఎవరికీ తెలియదు.

డిసెంబర్ 11, గురువారం

రాయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న బస్సు దిగేసరికి రోడ్డు మీదే ఇద్దరు నా కోసం నిలబడి ఉన్నారు. "తమ్ముడు గారాండి? రండి రండి, మీ గురించే ఆపాం." మూర్తి వాళ్ళకి ఫోన్ చేశాడట — తమ్ముడు గారు మాల తీయించుకుని మరీ వస్తున్నారు అని. మంచి చేద్దామనే చేశాడు. వీర్రాజుకి పిల్లల్లేరు. దగ్గర దాయాదులు కూడా మిగల్లేదు. ఉన్నది భార్య సత్యవతమ్మ, ఆవిడ తమ్ముడు. బావమరిది కొరివి పెట్టచ్చా పెట్టకూడదా అని పొద్దుట నుంచీ అరుగు మీద తర్జనభర్జన జరుగుతుంటే నా పేరు వెళ్ళింది. ఇంటిపేరు వాడు వస్తుంటే ఇంక వేరే మాటెందుకు అన్నారట పెద్దలు.

చాప మీద వీర్రాజు. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా. ముఖం పసుపు. పసుపు రాసిన పసుపు కాదు.

"నేను దాయాదిని కాదండి, గోత్రం వేరు" — ఈ మాట అనడానికి చాలా వ్యవధి ఉంది. స్నానం చేయించి నాకు తెల్లగుడ్డ కట్టేదాకా ఉంది. కుండ భుజానికి ఎత్తేదాకా ఉంది. అంటే మరి మాల ఎందుకు తీశావు అంటారు. ఆ ఒక్క ప్రశ్న పడలేక, ఒక మనిషికి తలకొరివి పెట్టాను.

డిసెంబర్ 12

నేల మీద చాప. ఒంటిపూట భోజనం. గడ్డం గీయకూడదు. మాంసం, మందు తాకకూడదు. పదకొండు రోజులు. అబద్ధమాడి ఒక తాళం విప్పించుకున్నాను. దానికంటే గట్టిది వాళ్ళు వేశారు, అదీ నా అబద్ధంతోనే. ఇది ఇంకొకరికి జరిగి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

డిసెంబర్ 13, శనివారం

సత్యవతమ్మ పొద్దున్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడి — "మీకు కాలేజీ ఉంటుంది కదా సార్. వెళ్ళి మళ్ళీ పదో రోజుకి రండి, పర్వాలేదు." బస్సు చార్జీలు కొంగున కట్టుకుని వచ్చింది ఇవ్వడానికి.

వెళ్ళచ్చు. బయటపడ్డాక ఏ బస్సు ఎక్కుతానో నాకు తెలుసు. ఈ తెల్లగుడ్డ విప్పితే ధర పడిపోతుంది.

"సెలవు పెట్టానమ్మా, ఉంటాను" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నా మంచితనం అనుకుంది పాపం.

డిసెంబర్ 14

గట్టు మీద నిలబడితే గౌతమి అవతల యానాం. సాయంత్రం దీపాలు వెలిగాక మరీ దగ్గరగా కనబడుతుంది.

సంచిలో ఖాళీ సీసా అలాగే ఉంది.

డిసెంబర్ 16, మంగళవారం

సత్యవతమ్మ మినుములు చెరుగుతూ తనంతట తానే మొదలుపెట్టింది. "మానేశారండి ఒక ఏడాది. డాక్టరు గట్టిగా చెప్తే. ఒంట్లో నీరు కూడా తగ్గిపోయింది. మా పక్కింటివాళ్ళ పెళ్ళిలో ఒక్కరోజే అన్నారు. ఒక్కరోజే కదా అని నేనూ ఊరుకున్నానండి." చేట ఆపింది. "నేను ఊరుకోకుండా ఉండాల్సింది."

కాదమ్మా, నీ తప్పు కాదు అన్నాను. రేపటి నష్టాన్ని తక్కెడలో వేసి చూసుకునే మనిషి అట. వీర్రాజు వేయలేదా? వేశాడు. ఏడాదిపాటు రోజూ వేశాడు. ఒక్కరోజు తక్కెడ పక్కన పెట్టాడు, అంతే. సిద్ధాంతం రాసినవాళ్ళెవరైనా ఒకసారి ఈ అరుగు మీద కూర్చుంటే బాగుండును.

ఆవిడ మళ్ళీ అంది — "మీరంటే ఆయనకి గొప్ప గురి అండి. 'సారు ఏటా నలభై రోజులు ఆగుతాడే, ఆగడం తెలిసినవాడు. ఏదో ఒక ఏడు ఆగిపోతాడు చూడు' అనేవారు."

నేను లేచి బావి దగ్గరికి వెళ్ళిపోయాను. ఏడుపు వచ్చింది. ఆరు రోజులకి వచ్చింది, వీర్రాజు కోసం.

డిసెంబర్ 17

సుభద్ర ఫోను. "అన్నం తింటున్నారా?" "ఒంటిపూట." "చలికి చాప మీద..." "అలవాటే కదా." పెట్టేస్తానండి, అంది.

డిసెంబర్ 19, శుక్రవారం

పదో రోజు. రేవులో పిండం పెట్టాం. పక్కన విస్తరాకులో పోయినవాడికి ఇష్టమైనవన్నీ — చేపల పులుసు, గారెలు, కోడిగుడ్డు, ఒక సిగరెట్టు. సత్యవతమ్మ తమ్ముడు తువ్వాలు కింద నుంచి సీసా తీశాడు. యానాం నుంచి తెచ్చాడట. పెట్టాలి కదండి, ఆయనకి అదే కదా ఇష్టం, అన్నాడు. కర్త చేత్తోనే పోయించాలి.

మూత నేనే తీశాను. ముప్ఫై మూడు రోజుల తర్వాత ఆ వాసన. నోట్లో నీళ్ళూరాయి. అవును, పిండం ముందు, పోయినవాడి భార్య చూస్తుండగా. గ్లాసులో పోస్తుంటే చుక్క ఒలకలేదు. మాల వేసిన మర్నాడు వణికిన చేతులు ఆ పని ఎంత శ్రద్ధగా చేశాయో.

దూరంగా జరిగి నిలబడ్డాం, కాకి కోసం. చెట్టు మీద నాలుగైదు ఉన్నాయి. రావు. పావుగంట. అరగంట. ఎండ ఎక్కింది. "ఏదో మనసులో పెట్టుకున్నాడు" అంది ఒక ముసలావిడ. "మాటివ్వండి ఎవరైనా." సత్యవతమ్మ తమ్ముడు ముందుకెళ్ళి "అక్కని నేను చూసుకుంటాను బావా, దిగులు పెట్టుకోకు" అన్నాడు. రాలేదు. ఇంకెవరో ఇల్లు అమ్మనివ్వం అన్నారు. రాలేదు.

అప్పుడు సత్యవతమ్మ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. మందు మానేస్తానని చెప్పండి. ఆయన మనసులో ఉన్నది అదేనండి, నాకు తెలుసు."

అందరూ నన్నే చూస్తున్నారు. రెండు మాటలు. గురుస్వామితో అబద్ధమాడాను, మూర్తితో ఆడాను, సుభద్రతో ఆడాను, పది రోజులుగా ఈ ఊరంతటితో ఆడుతున్నాను. ఇంకొకటి ఆడేస్తే పోయేదేముంది? నోరు రాలేదు. నలభై ఒక్క రోజులు అంటే అనేవాణ్ణి. ఏడాది అన్నా అనేవాణ్ణేమో. తేదీ లేని మాట ఎలా అనాలో నాకు తెలియదు. తల వంచుకుని నిలబడ్డాను.

చివరికి పురోహితుడే "ఇంక ఆవుకి పెట్టేద్దామండి, దోషం లేదు" అన్నాడు. గారెలూ పిండమూ ఆవుకి పెట్టాం. గ్లాసులోది నేనే గోదావరిలో వదిలాను. నడుస్తూ నడుస్తూ సత్యవతమ్మ చెమట తుడుచుకోమని తన కొంగు ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

డిసెంబర్ 20, శనివారం

పదకొండో రోజు భోజనాలు అయ్యాయి. తెల్లగుడ్డ విప్పించారు. కొత్త పంచె పెట్టారు. మధ్యాహ్నం రోడ్డు మీదికి వచ్చేసరికి ముందు వచ్చింది యానాం బస్సు. కండక్టరు తలుపు దగ్గర వేలాడుతూ "యానాం, యానాం" అని నా ముఖం మీదే అరిచాడు. ఎక్కలేదు. రాజమండ్రి బస్సు ఎక్కాను.

గొప్పే అని రాసుకోబోయి ఆగాను. సాగనంపడానికి సత్యవతమ్మ రోడ్డు దాకా వచ్చి నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ లేకపోతే? తెలియదు.

డిసెంబర్ 21, ఆదివారం

ఈ రోజు నన్ను కట్టేసేది ఏదీ లేదు. మాల లేదు, మైల లేదు. వైన్ షాపు మనిషి దండం పెట్టడు. ఎన్నేళ్ళయిందో... ఇలా ఏ తాళమూ లేకుండా నేను తాగకుండా కూర్చున్న ఆదివారం గుర్తు రావడం లేదు.

సుభద్ర కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఏదో ఉందని అర్థమైంది.

"వీర్రాజు గారిది మన గోత్రం కాదు."

గ్లాసు కింద పెట్టేశాను.

"మీరే చెప్పారు కదా, ఆయన రిటైరైన రోజున. అన్నయ్యా అనమన్నాడు, గోత్రాలు వేరన్నాను అని నవ్వుతూ. మైల లేదని నాకు ఆ రోజే తెలుసండి."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"అంటే ఆగేవారా? ఆగుదురు, నిజమే. ఇరవై తొమ్మిది దాకా ఆగుదురు." కాఫీ గ్లాసు అంచు తుడుస్తూ — "ఆపి ఆపి అలిసిపోయానండి. ఎవరూ ఆపకపోతే ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. సంచి సర్దేటప్పుడు ఆ ఖాళీ సీసా నేనూ చూశాను."

గ్రేస్ అడిగిన ఆ లెక్క — పాతికేళ్ళుగా మా ఇంట్లో ఒకరు వేస్తూనే ఉన్నారు. నాకే చూపించలేదు. క్షమించు అన్నాను. అది కూడా చిన్న మాటే అనిపించింది అన్నాక. "గురుస్వామి గారికి వెళ్ళి నిజం చెప్పండి ముందు" అంది. సాయంత్రం వెళ్ళి చెప్పాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు విని, "అయితే పదకొండు రోజులు ఏ సంబంధమూ లేని మనిషికి చేశారన్నమాట" అన్నారు. అంతే. మళ్ళీ వేస్తారా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

రోజు గడిచింది. తాగలేదు. ఎందుకు తాగలేదో కారణం రాయడానికి ఏ సిద్ధాంతమూ దొరకలేదు.

డిసెంబర్ 22, సోమవారం

కాలేజీకి బయల్దేరుతుంటే సత్యవతమ్మ ఫోను.

"సార్, ఇంకో మాటండి. ఆ రోజు సీసాలో ఒక్క గ్లాసే కదా పోశారు. మిగిలిందంతా ఇంట్లోనే ఉండిపోయింది. మా తమ్ముడు అడుగుతున్నాడు, ఇవ్వలేదండి. వాడూ ఆ దారినే పోతాడని భయం. ఆయన వస్తువులన్నిటికీ మీరే కదా పెద్ద ఇప్పుడు. మీరు చెప్పండి. పారబోసెయ్యనా, ఉంచనా?"

పారబొయ్యమ్మా. అంతే కదా అనాల్సింది. రేవులో నన్ను మాటివ్వమన్నట్టు కూడా కాదు ఇది. జీవితాంతం గురించి కాదు, ఒక్క సీసా గురించి. ఆవిడ అవతల ఎదురు చూస్తోంది. నాకు ఆ సీసాలో ఎంత మిగిలిందో కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది, మెడ కింద రెండు వేళ్ళ వెలితి, అంతే.

"ఉంచమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినబడింది. "నేనే వచ్చి చూస్తాను."

ఫోను పెట్టేశాను. ఏం చూస్తాను? పారబొయ్యడానికి వెళ్తున్నానా, తెచ్చుకోవడానికి వెళ్తున్నానా? నిజంగా తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా తెలియదు.

సుభద్ర వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చేతులు తుడుచుకుని, పొయ్యి ఆపేసి వచ్చింది.

"నేనూ వస్తాను. బస్సెన్నింటికండి?"